ఫోన్ ఎత్తొద్దు, నెట్‌లో ఉన్నా!

1999లో మా అన్న ఉద్యోగం మీద న్యూజెర్సీ వెళ్లేనాటికి అమెరికాకి ఐఎస్‌డీ కాల్ నిమిషానికి 60 రూపాయల పైనే. కందుకూరులో మా ఇంట్లో ఫోన్ ఉంది గానీ, దానికి ఐఎస్‌డీ పెట్టించడానికి మా నాయన ససేమిరా అన్నాడు. అందుకని అప్పుడప్పుడూ ఇంటిల్లిపాదీ బస్టాండు దగ్గర బూత్‌కి పోయేవాళ్లం. గాజు తలుపు లోపల మా నాయనమ్మ రిసీవర్ చెవికి ఆనించుకుని, "నాయనా" అని ఒక్క మాట అని, ఇంక ఏడుపు మొదలుపెట్టేది. మీటర్ మీద ఎర్ర అంకెలు పరిగెత్తుతుండేవి. "ఏడవడానికే 120 అయిందమ్మా, ఇంక మాట్లాడు" అని నాయన బయట నుంచి తలుపు కొట్టేవాడు.

ఇంటర్నెట్ మా గడప తొక్కడానికి కారణం ఇదీ. చదువు కోసం పెట్టించాం, లోకజ్ఞానం కోసం పెట్టించాం అని ఇప్పుడు చాలామంది చెప్పుకుంటారు. మా ఇంటికి మాత్రం అది బూత్ బిల్లు భయంతో వచ్చింది.

అన్న మద్రాసులో ఎంసీఏ చదివాడు. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచినప్పుడు, ముందుగా అందుకున్న నగరాల్లో మద్రాసు ఒకటి. వాడూ వాడి స్నేహితులూ కలిసి విద్యార్థుల అకౌంట్ ఒకటి తీసుకున్నారట. బొమ్మలుండవు, నల్లటి తెర మీద వట్టి అక్షరాలే. సెలవులకి వచ్చినప్పుడు దాని గురించి చెబుతూనే ఉండేవాడు. "ఇక్కడ ఉత్తరం రాస్తే మరు నిమిషంలో అమెరికాలో ఉంటది" అంటే, నాయన కాస్త ఆలోచించి, "మరి స్టాంపు యాడ అంటిస్తారు?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

వాడు విమానం ఎక్కేముందు తన కంప్యూటర్‌ని నాకు వదిలేసి పోయాడు. మద్రాసు రిచీ స్ట్రీట్‌లో ఒక్కో కొట్లో ఒక్కో భాగం కొని బిగించిన పెంటియం అది. దాన్ని రైల్లో తెచ్చి సింగరాయకొండలో దించి, అక్కడి నుంచి ఆటోలో కందుకూరు చేర్చేవరకూ మానిటర్‌ని అమ్మ ఒళ్లోనే పెట్టుకుంది. కంప్యూటర్‌ని ఫోన్ తీగకి కలిపే మోడెమ్ మాత్రం తర్వాత వచ్చింది. 2000 అక్టోబరులో టెలిఫోన్ డిపార్ట్‌మెంటు బీఎస్‌ఎన్‌ఎల్ అయింది, ఇంచుమించు ఆ కాలంలోనే వాళ్ల ఇంటర్నెట్ కార్డులు, సంచార్‌నెట్ అనేవీ వచ్చాయి. టెలిఫోన్ ఆఫీసులో గంటల లెక్కన కార్డు కొనుక్కోవాలి, 172222 నొక్కాలి. లోకల్ కాల్ ఛార్జీతో నెట్. దాంతోపాటు ఇచ్చే మెయిల్ అడ్రసులో ఊరి పేరు ముక్క కూడా ఒకటి తగిలించి ఉండేది. ఒంగోలు వాళ్లో నెల్లూరు వాళ్లో చూడగానే తెలిసిపోయేది.

అన్న మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు 56కే, అంటే సెకనుకి 56 కిలోబిట్ల మోడెమ్ తెచ్చి బిగించాడు. బయట పెట్టుకునే రకం, ముందు వరసగా చిన్న చిన్న ఎర్ర లైట్లు. ఫోన్ వైరు అందులోకి, అందులోంచి ఇంకో వైరు ఫోన్‌లోకి. స్క్రీన్ మీద డయల్ నొక్కగానే ముందు డయల్ టోన్, తర్వాత టకటకా నంబర్లు, అవతల ఎత్తిన చప్పుడు, సన్నటి కూత, ఆ తర్వాత కాలిన పెనం మీద నీళ్లు చిమ్మినట్టు ఒక బుస. ఆ బుస ఉన్నట్టుండి ఆగిపోతే కనెక్ట్ అయినట్టు. టాస్క్‌బార్ చివర రెండు బుల్లి కంప్యూటర్లు వచ్చి కూర్చునేవి. ఆగకుండా సాగుతూనే ఉంటే మాత్రం మళ్లీ మొదటికే.

ఆ చప్పుడు ఎందుకో అన్నే చెప్పాడు. ఫోన్ తీగ మనిషి గొంతు కోసం కట్టింది. 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాన్నే అది మోస్తుంది. కంప్యూటర్ సంగతులన్నీ ఆ ఇరుకులో పట్టాలంటే వాటిని శబ్దంగా మార్చక తప్పదు. మొదట వచ్చే ఆ సన్నటి కూత, దారిలో ఉన్న ఎకో తగ్గించే యంత్రాలను పక్కకు తప్పుకోమనడానికి. తర్వాతి బుసంతా రెండు మోడెములు ఈ తీగ మీద ఎంత వేగంగా మాట్లాడుకోగలమో బేరమాడుకోవడం. స్పీకర్ పెట్టింది కూడా మనకోసమే. అవతల ఎంగేజా, ఎవరన్నా 'హలో' అంటున్నారా, మనం వినాలని. దాన్ని నోరు మూయించే కమాండ్ ఒకటుంది, ఏటీ తర్వాత ఎం, సున్నా. అన్న చెప్పిన వాటన్నిటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది అదే. రాత్రి పదకొండు తర్వాత మా ఇంట్లో ఆ మోడెమ్‌కి నోరుండేది కాదు.

56కే అని డబ్బా మీద రాసి ఉంటుంది గానీ, ఆ వేగం నేనెప్పుడూ చూడలేదు. అసలు ఎవరూ చూడలేదేమో. ఎక్స్ఛేంజ్ నుంచి అవతలికి అంతా డిజిటల్ అయి, మన ఇంటి నుంచి ఎక్స్ఛేంజ్ దాకా ఉన్న రాగి తీగ ఒక్కటే పాత పద్ధతిలో ఉంటేనే మనం దించుకునేది ఆ వేగానికి దగ్గరగా పోగలదు. మనం పంపేది ఎటూ 33.6 దాటదు. మాకు 40 దాటి కనెక్టయితే ఆ రోజు పండగ. లింగసముద్రం వైపు పల్లెలో నా స్నేహితురాలి ఇంట్లో రేడియో మీద నడిచే ఫోన్ ఉండేది. మాటే గరగరమంటూ వినపడేది, ఇంక మోడెమ్ సంగతి అడగక్కర్లేదు. ఆ అమ్మాయికి రావాల్సిన మెయిళ్లు కూడా నా అడ్రసుకే వచ్చేవి. కాగితం మీద రాసిపెట్టి, శనివారం వాళ్లు మాలకొండకి పోతూ మా ఇంటి ముందు ఆగితే ఇచ్చేదాన్ని.

ఆ రాగి తీగ గురించి చెప్పాలంటే భాయ్ గురించి చెప్పాలి. మా వీధి లైన్‌మెన్. పాత సైకిలు, దానికి కట్టిన నిచ్చెన, మెడలో వేలాడే టెస్టింగ్ ఫోను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు వానలు ఎట్టా ఉంటాయో తెలిసిందే. బంగాళాఖాతంలో ఏది లేచినా నెల్లూరు, ఒంగోలు మధ్యే ఎక్కడో ఒకచోట తడిపి పోతుంది. ఆ తడి స్తంభం మీది డబ్బాలోకి దిగితే లైన్లో బరబరమని మోత. మాట్లాడేవాళ్లకి ఆ మోత పెద్ద ఇబ్బంది కాదు, కాస్త గట్టిగా మాట్లాడతారు. మోడెమ్ గట్టిగా మాట్లాడలేదు కదా, తెగిపోతుంది.

198కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించేదాన్ని. భాయ్ వచ్చేవాడు. డయల్ టోన్ విని, "బాగానే ఉందిగా పాపా" అనేవాడు. "మాటకి బాగుంది భాయ్, నెట్‌కి బాగాలేదు" అనేదాన్ని. మొదట్లో విసుక్కున్నాడు. కందుకూరులో మొత్తం ఎన్ని ఇళ్లలో నెట్ ఉందో ఆయనకి ఇంటి పేర్లతో సహా తెలుసు. అన్ని ఇళ్ల నుంచీ ఇదే ఫిర్యాదు. తర్వాత్తర్వాత ఆయనకే పట్టుదల పెరిగింది. వైరు అతుకుల దగ్గర చుట్టి వదిలేసిన ముక్కలు తీసేసి, స్తంభం నుంచి మా గోడ దాకా అతుకు లేని కొత్త తీగ లాగాడు. పని అయ్యాక నన్ను డయల్ చేయమని, తన టెస్టింగ్ ఫోన్ తగిలించి ఆ బుస చెవితో వినేవాడు. "ఇంకా తేమ ఉంది. రేపు ఎండొస్తే చూద్దాం" అనేవాడు. నా స్క్రీన్ మీద వేగం అంకె కనపడకముందే, ఎంత తక్కువొస్తుందో ఆయన ఆ చప్పుడు బట్టి చెప్పేవాడు. ఇంజినీర్లని చాలామందిని చూశాను గానీ అట్లాంటి చెవి మళ్లీ తగల్లేదు.

ఆయన నేర్పిన కిటుకు ఇంకోటుంది. వానల్లో వేగం కోసం పాకులాడొద్దు, మోడెమ్‌ని తక్కువ వేగానికే కట్టేసుకో, తెగదు అని. అన్న న్యూజెర్సీ నుంచి దానికి కావాల్సిన కమాండ్ రాసి పంపాడు. సలహా మా వీధి స్తంభం మీద నుంచి, కమాండ్ అమెరికా నుంచి. ఆ సంవత్సరం వానాకాలమంతా అట్లానే నడిచింది. ఉరుములొస్తే మాత్రం ఎవరి సలహా అక్కర్లేదు. "వైరు పీకు! వైరు పీకు!" అని అమ్మ వంటింట్లోంచే కేకలేసేది. ఎదురింటి వాళ్ల మోడెమ్ ఒక్క మెరుపుకి మాడిపోయిందని అప్పటికే వీధంతా తెలుసు.

ఇంట్లో అసలు గొడవ వానతో కాదు, పొగాకుతో. మాకు గుడ్లూరు దారిలో పొలం, పొగాకు కాల్చే బ్యారన్లు రెండు. వేసవిలో వేలం మొదలైతే, కందుకూరు వేలం కేంద్రంలో ఆ రోజు ఏ గ్రేడు ఎంతకి పోయిందో నాయనకి స్నేహితులు ఫోన్ చేసి చెప్పాలి. మన బేళ్లు ఇవాళ పంపాలా, నాలుగు రోజులు ఆగాలా అన్నది దాని మీదే తేలాలి. నేను నెట్‌లో ఉంటే బయటి వాళ్లకి ఎంగేజ్. ఒకరోజు మా మామయ్య ఎండలో పడి స్కూటర్ మీద ఇంటికే వచ్చేశాడు. "మీ ఇంట్లో ఎవరు బావా పొద్దస్తమానం ఫోన్లో మాట్లాడేది?" అని గుమ్మంలోనే నిలదీశాడు. నాయన నా వైపు చూశాడు. ఎవరూ ఏమీ మాట్లాడకుండానే ఫోన్ ఎంగేజ్ వచ్చే ఇల్లుంటుందని మామయ్యకి అర్థమయ్యేలా చెప్పడానికి ఆ పూటంతా పట్టింది.

ఇంతలో అమ్మ. హాల్లో ఒక ఫోన్, లోపలి గదిలో దానికే కలిపిన ఇంకో ఫోన్. అమ్మ అలవాటు కొద్దీ ఎత్తేది. చెవిలో ఆ బుస పడగానే జడుసుకుని పెట్టేసేది. ఇవతల నా పేజీ సగంలో ఆగిపోయేది. అందుకే నెట్‌లోకి వెళ్లేముందు, "ఫోన్ ఎత్తొద్దు, నెట్‌లో ఉన్నా!" అని ఒక కేక వేయడం నా వంతు. నాయన సున్నితంగా వేళలు కట్టాడు. వేలం రోజుల్లో పగలు ముట్టుకోకూడదు. మిగతా రోజుల్లో అడిగి వాడుకోవాలి. ఫోన్ బిల్లు వచ్చిన రోజు సంగతి నేను చెప్పను, ఆ రోజుల్లో అది అందరి ఇళ్లలోనూ ఒకటే కథ.

ఎటూ అన్నకి కుదిరే వేళ తెల్లవారుజామే. ఇక్కడ అయిదున్నర అంటే అక్కడ చలికాలంలో ముందు రోజు సాయంత్రం ఏడు. హాట్‌మెయిల్ తెరిచి వాడి ఉత్తరాలు ముందు వరసగా తెరిచి పెట్టుకుని, వెంటనే లైన్ కట్ చేసి, తర్వాత తీరిగ్గా చదివేదాన్ని. చదవడానికి నెట్‌తో పనేముంది? జవాబు కూడా నోట్‌ప్యాడ్‌లో ముందే రాసిపెట్టుకుని, కనెక్ట్ అయ్యాక అతికించి పంపడమే. బ్రౌజర్‌లో బొమ్మలు రాకుండా ఆపేసే వీలుండేది, అదీ చేసేదాన్ని. ఒక్కో నిమిషాన్ని అంత పొదుపుగా వాడిన తరం మాది. ఇప్పుడు మా పిల్లలు వీడియో పెట్టి నిద్రపోతుంటే నాకు లోపల ఎక్కడో మీటర్ తిరుగుతున్నట్టే ఉంటుంది.

వాడు ఉత్తరాలు తెలుగులోనే రాసేవాడు, అయితే ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు అక్షరాలు స్క్రీన్ మీద కనపడటమే అప్పట్లో పెద్ద తతంగం. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, అది దించుకోకపోతే పేజీ నిండా పిచ్చి గుర్తులు. నాయనమ్మకి చదివి వినిపించేటప్పుడు అ, ఆ తేడాలు నేనే చూసుకోవాలి. వదినకి పాప పుట్టాక మొదటి ఫోటో పంపాడు. స్కానర్ కొత్తగా కొన్న హుషారులో దాన్ని ఏమాత్రం తగ్గించకుండా పంపాడు. హాట్‌మెయిల్ పెట్టె మొత్తం చోటే అప్పట్లో 2 ఎంబీ. ఆ ఒక్క ఫోటోతో అది నిండిపోయి, వెనకాల రావాల్సిన మెయిళ్లన్నీ తిరిగిపోయాయి.

ఫోటో తెరిచాం. నాయనమ్మ కుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని స్క్రీన్ ముందు కూర్చుంది. పై నుంచి గీత గీతగా దిగుతోంది. ముందు గోడ. చాలాసేపు గోడే. తర్వాత నల్లగా జుట్టు. "ఒత్తు జుట్టు, మీ తాతది" అంది. నుదురొచ్చింది. "నుదురు మన వాళ్లది కాదు" అంది. కనుబొమల దగ్గర లైన్ తెగిపోయింది. నాకు విసుగొచ్చింది గానీ, ఆమె మాత్రం ఆ సగం మొహాన్ని అట్లానే ఉంచమంది. పక్కింటి వాళ్లని పిలిచి ఆ నుదుటి దాకానే చూపించింది. మళ్లీ కలిపి ముక్కూ నోరూ రప్పించేసరికి మధ్యాహ్నమైంది. ముక్కు మాత్రం అచ్చం మా నాయనది. ఆ మాట వినడానికి నాయన ఆ రోజు షెడ్డుకి పోవడం కూడా ఆలస్యం చేశాడు.

కొన్నాళ్లకి యాహూ మెసెంజర్‌లో మాట్లాడుకోవడం మొదలైంది. మైకు, హెడ్‌ఫోన్ ఒంగోలులో కొన్నాం. ఇక్కడి మాట అక్కడ వినపడటానికి కొన్ని క్షణాలు పట్టేది, అక్కడి నుంచి జవాబు రావడానికి ఇంకొన్ని. నాయనమ్మకి ఆ ఆగడం తెలియదు. "తిన్నావా నాయనా?" అని అడిగి, జవాబు రాలేదని, "పాప బాగుందా?" అని అడిగేది. అప్పుడు "తిన్నానమ్మా, ఉప్మా" అని వినపడేది. "పాపకి అప్పుడే ఉప్మా ఎందుకు పెట్టార్రా!" అని కోప్పడేది. ఆ కోపం అక్కడికి చేరేలోపు వాడు, "బాగుంది, నిద్రపోతోంది" అనేవాడు. ఈమె వాడు మాట దాటేస్తున్నాడని అలిగేది. అయినా బూత్‌లో లాగా ఏడవలేదు. ఏడవడానికి తీరిక ఏదీ, అంతా పోట్లాటే. 2002 ఏప్రిల్ 1 నుంచి కంప్యూటర్ మీద నుంచి విదేశాల్లోని ఫోన్‌కే నేరుగా మాట్లాడుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది. ఊళ్లో నెట్ సెంటర్ల ముందు బోర్డులు లేచాయి. మా బూత్ ఆయన కూడా ఒక గాజు గది తీసేసి కంప్యూటర్ పెట్టాడు.

నెట్ సెంటర్లంటే ప్లైవుడ్ గూళ్లు, గంటకి ఇంత అని. ఒకే ఫోన్ లైన్‌ని నాలుగైదు కంప్యూటర్లకి పంచేవాళ్లు. ఒక్కొక్కరికి బొట్టు బొట్టుగా అందేది. ఆడపిల్లలు ఆ గూళ్లలోకి పోవడం మా ఊళ్లో ఇళ్లల్లో ఒప్పుకునేవాళ్లు కాదు. అందుకని పరీక్షా ఫలితాలు వచ్చాయంటే మా వీధి ఆడపిల్లలంతా మా అరుగు మీదే. ఎంసెట్ ర్యాంకులు పేపర్లో పడేది మర్నాడు. నెట్‌లో ముందు రోజే. ఆ ఒక్క రాత్రి ముందు తెలుసుకోవడానికి ఎంత టెన్షనో! ముందుగానే నెట్ కలిపి, నంబర్ కొట్టే పేజీ తెరిచి పెట్టుకుని కూర్చునేదాన్ని. రాష్ట్రమంతా ఒక్కసారే కొడుతుంటే పేజీ కదలదు. కాగితం మీద హాల్‌టికెట్ నంబర్లు వరసగా రాసుకుని, ఒక్కోటి కొట్టి, రాగానే గట్టిగా చదివేదాన్ని. కిటికీ అవతల ఒక కేకో, ఒక నిశ్శబ్దమో. ర్యాంకు రాని పిల్ల నంబరు మెల్లగా చదివి, పక్కనే ఇంకోటి గట్టిగా చదివేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఆ రోజు నాయన కూడా ఫోన్ జోలికి రాలేదు. వేలం నడుస్తున్నా సరే, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చే పిల్లలకి మంచినీళ్లు ఇప్పించాడు. ఫోన్ కోసం వచ్చిన మామయ్యని, "రేపు చూద్దాంలే, పిల్లల రిజల్ట్స్" అని తనే పంపించేశాడు.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. కందుకూరుకి చేరడానికి ఇంకాస్త సమయం పట్టింది. భాయే వచ్చి బిగించాడు. అదే రాగి తీగ, దానికి చిన్న ఫిల్టర్ డబ్బా. మాట కింది వరుసలో, నెట్ పై వరుసలో, రెండూ ఒకే తీగ మీద ఒకదాన్నొకటి తాకకుండా పోతాయని చెప్పి, నేను పేజీ తెరుస్తుండగానే ఫోన్ ఎత్తి నాయనకి డయల్ టోన్ వినిపించాడు. బుస లేదు, కూత లేదు. నాయనమ్మ వచ్చి, "కలిసిందా?" అని రెండుసార్లు అడిగింది.

మొదటి వానకే అదీ పడిపోయింది. మళ్లీ 198, మళ్లీ ఆ నిచ్చెన. నాయన మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం ఫోన్ ఎత్తేముందు నా గది వైపు తిరిగి, "అమ్మాయ్, ఎత్తేదా?" అని అడిగేవాడు. ఎత్తొచ్చని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నెట్ పెట్టించుకున్న మామయ్య ఇంటికెళ్లినా అదే అడిగేవాడు.